తర్శినికి మందు

శారదాంబకు టీబీ అని తేలిన రోజు ఆమె తమ్ముడు నిరంజన్ డాక్టర్‌ను మందుల గురించి అడగలేదు. "ఈ జబ్బు మా ఇంట్లోకి ఎట్లా వచ్చింది?" అని అడిగాడు.

"అది చెప్పడం కష్టం సార్. గాలిలో వచ్చే జబ్బు. బస్సులో అంటుకోవచ్చు, పెళ్ళిలో అంటుకోవచ్చు. ఆరు నెలలు మానకుండా మందు మింగితే పోతుంది. మందులు మీరు కొననక్కర్లేదు, కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు" అన్నాడు డాక్టర్.

ఉచితం అన్న మాట నిరంజన్‌కు మొదటినుంచీ గిట్టదు. ఆదాయపు పన్ను శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఎక్కడో ఎవరో కట్టనిదే ఎవరికీ ఏదీ రాదని ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చెబుతూనే ఉండేవాడు. భార్య పోయిన తర్వాత మద్రాసు కోడంబాక్కంలోని పాత ఇంట్లో అతనూ అక్కా కలిసి ఉంటున్నారు. వాళ్ళ నాన్న స్టూడియోల్లో సెట్లు వేసే పనికి నెల్లూరు నుంచి వచ్చి కట్టిన ఇల్లది. శారదాంబ పెళ్ళి చేసుకోలేదు. సినిమా పాటల్లో వెనక వినిపించే కోరస్‌లో ఆమె గొంతు చాలా ఏళ్ళు కలిసింది. ఆ పాటలు జనానికి ఇప్పటికీ గుర్తే. వాటిలో ఆమె ఉందని మాత్రం ఎవరికీ తెలియదు.

మర్నాడు అక్కను వెంటబెట్టుకుని నిరంజన్ మొదటిసారి ఆ ఆరోగ్య కేంద్రం మెట్లెక్కాడు. టీబీ పనులు చూసే పాల్‌రాజ్ అనే అతను ఒక చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే వివరాలు రాసుకున్నాడు. తమిళంలో అడిగాడు.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు సార్? అందరికీ పరీక్ష చేయాలి."

"నేనూ అక్కా. అంతే."

మాస్కు కింద నుంచి శారదాంబ గొంతు వచ్చింది. "తర్శిని కూడా ఉంది గదరా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గదిలోనే గదా ఉంటుంది. ఆ పిల్లా దగ్గతా ఉండాది."

తర్శిని వాళ్ళింట్లో పనిచేసే అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుంటాయి. వంట, బట్టలు, శారదాంబకు తల దువ్వడం, అన్నీ ఆమే. మాట మెత్తన. ఎవరేం చెప్పినా "ఓం" అంటుంది. అవును అనడానికి ఆమె మాట అది. చాలా దైవభక్తి గల పిల్ల అనుకున్నాడు నిరంజన్, అంతకుమించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఆలోచించాడు. ఆ పిల్ల దగ్గుతోంది. అక్కకు జబ్బు చేసింది. డాక్టర్ చెప్పలేనన్న జవాబు తనకు దొరికినట్టే అనిపించింది. ఇంటికి రాగానే వంటింటి గుమ్మంలో నిలబడి, "తర్శినీ, రేపు నువ్వు కూడా ఆరోగ్య కేంద్రానికి రావాలి. ఆధార్ కార్డు తీసుకురా" అన్నాడు.

ఆమె గిన్నె తోముతున్నది ఆపి, ఒక్క క్షణం నీళ్ళవైపు చూసింది.

"ఓం ఐయా" అంది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆమెకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది, ఆ తర్వాత మోగడం కూడా మానేసింది.

"చూశావా అక్కా! జబ్బు అంటించి పారిపోయింది" అన్నాడు నిరంజన్.

శారదాంబ మంచం మీద లేచి కూర్చుంది. "కార్డు అడిగినావు, అందుకు పోయింది. ఆ పిల్లకు కార్డు ఏడిదిరా? ఆడనుంచి పడవలో వచ్చింది."

"ఎక్కడనుంచి?"

"మన్నార్ నుంచి. సిలోన్‌లో అన్నానికి, మందులకు, పెట్రోలుకు అన్నిటికీ కరువొచ్చింది చూడు, అప్పుడు. రామేశ్వరం పక్కన మండపంలో, శరణార్థుల క్యాంపులో పెట్టినారంట. యుద్ధం అప్పుడు వచ్చినోళ్ళకు ఇచ్చినట్టు వీళ్ళకు కార్డులు ఇయ్యలేదంట. పని లేక, చెప్పకుండా ఈడికి వచ్చేసింది."

"నీకు ముందే తెలుసా?"

"ఆమా, తెలుసు. ఓం అంటే మన ఊరి తమిళమా అది? యాభై ఏండ్లు గొంతులు వినిందాన్ని, నాకు తెలీదా? మొదటి వారమే అడిగినా. ఏడ్చుకుంటా చెప్పింది."

నిరంజన్‌కు కోపం కన్నా అవమానం ఎక్కువైంది. లెక్క తప్పిన ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టని మనిషి. అలాంటివాడి ఇంట్లో, ప్రభుత్వానికి తెలియకుండా దేశంలో ఉన్న మనిషి నెలల తరబడి వండి పెడుతోంది. అక్క అది దాచింది.

"పోలీసులకు తెలిస్తే?"

"తెలిస్తే చూస్తాం. ముందు ఆ పిల్లకు మందు పడాలి గదా."

"ఎవరు ఇస్తారక్కా మందు? ఊరికే వస్తుందా? జనం కట్టే పన్ను అది. ఈ దేశం మనిషి కానివాళ్ళకి ఆ డబ్బు ఎట్లా పెడతారు?"

శారదాంబ తమ్ముడి వైపు తిరిగింది. "నేను నీ ఇన్‌కం టాక్సు ఒక్క పొద్దన్నా కట్టినానా? పాటకింతని చేతిలో పెట్టినారు, తెచ్చుకుని తిన్నా. నాకు మాత్రం ఎట్లా ఇచ్చినారు మొన్న?"

"నువ్వు ఈ దేశం మనిషివి. అదీ ఇదీ ఒకటి కాదు."

"సరి, కాదు. ఆ పిల్ల నా ఉమ్ము గిన్నె కడిగిందిరా. అది మాత్రం నాకు తెలుసు" అని అటు తిరిగి పడుకుంది.

ఆ మాట విన్నాక కూడా నిరంజన్ మనసు మారలేదు. పొద్దున పార్కులో నడుస్తూ స్నేహితుడు ఏకాంబరంతో అంతా చెప్పాడు. ఏకాంబరానికి పురసవాక్కంలో బట్టల కొట్టు ఉంది. వాళ్ళదీ తెలుగు కుటుంబమే, మద్రాసుకు వచ్చి మూడు తరాలైంది. చెడ్డవాడు కాదు. కొట్లో పనిచేసే పిల్లల ఇళ్ళల్లో ఏం జరిగినా ముందుండేవాడు.

"నేను రాక్షసుణ్ణి కాదప్పా" అన్నాడు ఏకాంబరం. "ఆ పిల్లను చూస్తే పావం, నాకూ జాలే. అయితే ఒకటి చెప్పు. నా కొట్లో మంగ ఉండాదే, దాని మొగుడికి కిడ్నీ చెడిపోయింది. పెద్దాసుపత్రిలో డయాలిసిస్ మిషను కోసం ఎన్ని దినాలు బయట కాచుకున్నారో నాకు తెలుసు. ఈడ పుట్టినోళ్ళకే చాలటం లేదు. నువ్వూ నేనూ కట్టింది వాళ్ళకే పూర్తిగా అందటం లేదు. ఇంక సముద్రం దాటి వచ్చినోళ్ళకు ఏడనుంచి తెస్తావు? ఈ దినం ఒకరు. రేపు లక్ష మంది వస్తే?"

నిరంజన్ తల ఊపాడు. తను అనుకుంటున్నదే స్నేహితుడు చెప్పాడు. అయినా వింటుంటే ఊరట కలగలేదు.

"పోయిందిగా, వదిలెయ్యి" అన్నాడు ఏకాంబరం విడిపోతూ. "నువ్వు తరమలేదు, దానంతట అదే పోయింది."

ఇంటికి నడుస్తున్నప్పుడు ఆ చివరి మాటే నిరంజన్ వెంట పడింది. పోయిందంటే ఎక్కడికి పోయింది? ఎక్కడో ఒక ఇంట్లో, నలుగురి మధ్య కూర్చుని దగ్గుతూ ఉంటుంది. వీధి చివర మందుల షాపు ముందు నుంచి వెళుతుంటే షాపతను అలవాటుగా పలకరించాడు. "అమ్మకి సిరప్ ఇవ్వమంటారా సార్?"

నిరంజన్ ఆగిపోయాడు. ఆ షాపులో అక్కకు దగ్గు మందు ఎప్పటినుంచి కొంటున్నాడు? కిందటి వినాయక చవితికి వీధి పందిట్లో అక్కను పాడమన్నారు. ఒక చరణం పాడేసరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చి కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం ఈ షాపుకే వచ్చాడు. తర్శిని పనిలో చేరింది ఆ తర్వాత, పొంగల్ వెళ్ళాక. చేరినప్పుడు ఆమెకు దగ్గు లేదు. దగ్గు మొదలైంది ఎండాకాలంలో.

అక్కడే ఫోన్ తీసి పాల్‌రాజ్‌కు చేశాడు. ఈ తేదీల వరస చెప్పి, "ఎవరినుంచి ఎవరికి వచ్చినట్టు?" అని అడిగాడు.

"అది ఎవరూ చెప్పలేరు సార్" అన్నాడు పాల్‌రాజ్. అతని వెనక ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. "ఆ అమ్మాయికి ఎప్పుడో లోపల ఉండి ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. మీ అక్కగారిది అంటి ఉండొచ్చు. ఇద్దరికీ వేరే చోట్ల వచ్చి ఉండొచ్చు. మనిషిని తీసుకురండి సార్, మిగతాది వదిలెయ్యండి. మందు లేకుండా తిరిగితే ఇంకా పదిమందికి వస్తుంది."

ఉద్యోగంలో నిరంజన్‌కు అలవాటైన పద్ధతి ఒకటి ఉంది. ఎవరు బాధ్యులో తేలితే ఎవరు చెల్లించాలో తేలుతుంది. ఈ విషయంలో ఎవరు బాధ్యులో ఎప్పటికీ తేలదని అతనికి అప్పుడు అర్థమైంది. తేలకుండానే ఏదో ఒకటి చేయాలి.

"ఆ పిల్ల ఎక్కడ ఉంటుందో తెలుసా?" అని అక్కను అడిగాడు.

"పుళల్ క్యాంపులో వాళ్ళ పిన్ని ఉండాది. యుద్ధం అప్పుడే వచ్చిన మనిషి. ఆమెకు కార్డు ఉంది."

మాధవరం బస్ స్టాండులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని నిరంజన్ పుళల్ చేరాడు. క్యాంపులో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పేరు చెప్పి అడిగితే మొదట ఎవరూ తెలియదన్నారు. చొక్కా, కళ్ళజోడు, చేతిసంచీ చూసి ఏ ఆఫీసు మనిషో అనుకున్నారు. చివరికి కుట్టుమిషను ముందు కూర్చున్న ఒక ముసలమ్మ, "పాటలమ్మ తమ్ముడివా?" అని అడిగింది. అవునన్నాక చెయ్యి చూపించింది.

తర్శిని ఇంట్లో లేదు. ఇంటి బయట, సందు చివర రేకుల నీడన, ఒక్కతే చాప మీద కూర్చుని ఉంది. ముక్కూ నోరూ కప్పేలా చున్నీ కట్టుకుంది. పక్కన ఒక కంచం, ఒక గ్లాసు. లోపల పిన్ని మనవలు ముగ్గురు ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమెకు అక్కడ ఉండమని ఎవరూ చెప్పలేదని నిరంజన్‌కు చూడగానే తెలిసింది. తనంతట తానే దూరం జరిగింది.

అతన్ని చూసి ఆమె లేవబోయింది. లేవలేక గోడ పట్టుకుంది. బాగా చిక్కిపోయింది. ఇద్దరూ తమిళంలోనే మాట్లాడుకున్నారు.

"అమ్మకి ఎట్లా ఉందయ్యా?"

"మందు మింగుతోంది. జ్వరం తగ్గింది."

ఆమె తల దించుకుంది. "నావల్లే కదా వచ్చింది? ఆ రోజు కార్డు అడిగినప్పుడు భయం వేసింది. కానీ రాకపోయింది ఒక్క దానికే కాదు. అమ్మ మొహం చూడలేకపోయాను. అంత మంచి గొంతు."

పొద్దుటిదాకా తను అన్న మాటే ఆమె నోట విన్నాడు నిరంజన్. ఎదురుగా ఉన్న రాయి మీద కూర్చున్నాడు.

"నీవల్లో కాదో ఎవరికీ తెలీదు" అన్నాడు. "అక్క దగ్గు నువ్వు మా ఇంటికి రాకముందే మొదలైంది. నేను సిరప్‌లు పోస్తూ కూర్చున్నాను. పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది మొన్న. మావల్లే నీకు వచ్చి ఉండొచ్చు."

తర్శిని తలెత్తి చూసింది. తర్వాత, "నాకు ఊరికే వద్దయ్యా. నెలకింతని జీతంలో పట్టుకోండి. బయట కొనుక్కుంటాను" అంది.

"బయట కూడా పేరు రాయాలి. ఈ జబ్బు ఎవరికొచ్చినా చెప్పాలన్నది నియమం."

"పేరు రాస్తే ఏమవుతుంది?"

"తెలీదు."

అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వడం అతనికి చేతకాలేదు. బయల్దేరే ముందే పాల్‌రాజ్‌ను ఇదే అడిగాడు. ఇక్కడ మందు ఇవ్వడానికి కార్డు లేకపోయినా ఫరవాలేదనీ, తిండి కోసం బ్యాంకులో వేసే డబ్బు మాత్రం రాదనీ, ఇంతవరకూ పోలీసులెవరూ వచ్చి అడగలేదనీ, రేపు అడిగితే తానేం చెప్పలేననీ అన్నాడు పాల్‌రాజ్. ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఆమెకు చెప్పాడు.

"ఇంకో దారి ఉంది" అన్నాడు చివర, కొంచెం తడబడుతూ. "నా మేనకోడలివని, కార్డు పోయిందని రాయిస్తే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. నువ్వు కావాలంటే ఆ మాట చెబుతాను."

జన్మలో అలాంటి మాట అతను అనలేదు.

లోపల ఒక పిల్లాడు దగ్గాడు. మామూలు దగ్గే, ఆటలో నీళ్ళు తాగి పొలమారినట్టుంది. తర్శిని ఉలిక్కిపడి అటు చూసింది.

"వద్దయ్యా" అంది. "నా పేరే రాయిద్దాం. పడవెక్కిన రోజునుంచీ ఎవరో ఒకరికి ఏదో ఒక అబద్ధం చెబుతూనే ఉన్నాను. మందుకి కూడానా?"

ఆ వారమే కళ్ళె పరీక్ష చేశారు. జబ్బు ఉందని తేలింది. కార్డు నంబరు రాసేచోట పాల్‌రాజ్ 'లేదు' అని రాశాడు. రోజూ మందు మింగేలా చూసుకునే మనిషి పేరు ఒకటి కావాలన్నాడు. నిరంజన్ తన పేరు, చిరునామా చెప్పి సంతకం పెట్టాడు. ఇంట్లో ఇద్దరు రోగులతో ఉండబోతున్నందుకు అతనికి కూడా ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చారు. అవీ ఉచితమే. చేతిలో పెట్టుకుని కాసేపు వాటివైపే చూశాడు.

వీధివైపు గది ఖాళీ చేసి తర్శినికి ఇచ్చారు. కిటికీలు రెండూ తెరిచి ఉంచారు. జబ్బు అంటుకునే రోజులు దాటేదాకా వంట నిరంజనే చేశాడు. మొదటిరోజు పప్పు మాడింది. రెండు గదుల్లోంచీ ఇద్దరు ఆడవాళ్ళూ బాగుందనే చెప్పారు.

ఏకాంబరం దగ్గర ఈ సంగతి దాచలేదు. అతను విని నడక ఆపాడు.

"అయితే నువ్వు ఒప్పుకున్నట్టే. వచ్చినోళ్ళందరికీ మనం కట్టాల."

"అందరి సంగతీ నాకు తెలీదు" అన్నాడు నిరంజన్. "సబ్బు కొన్నా, బియ్యం మూట కొన్నా, ఫోన్‌లో డబ్బు వేయించినా ఆ పిల్లా పన్ను కడుతూనే ఉండాది. దాంతో ఆరు నెలల మందు వస్తుందా అంటే రాదు. అక్క కట్టిందానికీ రాదు. అంతెందుకు, నాకు గుండె ఆపరేషన్ సర్కారే చేయించింది. నేను కట్టిందంతా కూడినా దానికి సగం లేదు. మిగతాది ఎవరు కట్టినారో నేను ఎప్పుడన్నా అడిగినానా?"

"నువ్వు సర్వీసు చేసినావప్పా."

"ఆ పిల్లా చేసింది, మా ఇంట్లో."

"అది వేరే. సరి, ఆ మంగ మొగుడి మాట చెప్పు. ఆయప్ప బయట కాచుకోలేదా?"

"కాచుకున్నాడు. అది తప్పే. అయితే తర్శినికి మందు ఇయ్యకపోతే ఆయనకు మిషను వచ్చేదా?"

"ఒక్కరైతే రాదు. లక్ష మంది అయితే?"

"ఆ లెక్క నాకు రావటం లేదు ఏకాంబరం. నిజంగా రావటం లేదు."

ఏకాంబరం కూడా ఇంక రెట్టించలేదు. ఆ విషయంలో వాళ్ళిద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. నడక మాత్రం మానలేదు.

ముందు శారదాంబకు నయమైంది. గొంతు మునుపటిలా రాలేదు, పై స్థాయికి పోతే చీలుతోంది. కింది స్థాయిలో పాడుకోవడం నేర్చుకుంది. మరికొన్ని వారాలకు తర్శిని మందూ పూర్తయింది. ఆఖరి పరీక్షలో ఏమీ లేదని పాల్‌రాజ్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ సాయంత్రం తర్శిని వచ్చి నిరంజన్ ఎదురుగా నిలబడింది.

"అయ్యా, నేను కలెక్టర్ ఆఫీసులో చెప్పేస్తాను. ఇక్కడ ఉన్నానని. ఎప్పుడు వచ్చానో, ఎట్లా వచ్చానో అంతా."

"పంపించేస్తే?"

"పంపిస్తే పోతాను. క్యాంపులో పెడితే ఉంటాను. ఆ 'లేదు' అనే మాట నా పేరు పక్కన ఎన్నాళ్ళుంటుందయ్యా? రేపు నాకు పిల్లలు పుడితే వాళ్ళ పేరు పక్కన కూడా అదే రాస్తారు."

వద్దనాలనిపించింది నిరంజన్‌కు. అనలేదు. అర్జీ అతనే రాశాడు. ముగ్గురూ కలిసి వెళ్ళారు. శారదాంబ వద్దంటే వినకుండా పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆఫీసులో చాలాసేపు కూర్చోబెట్టారు. ఒక గది నుంచి ఇంకో గదికి పంపారు. చివరికి ఒక అధికారిణి అర్జీ మొత్తం చదివి, తర్శిని మొహం చూసి, "ఇట్లా తమంతట తాము ఎవరూ రారమ్మా" అంది. నిర్ణయం పైనుంచి రావాలనీ, అంతవరకూ పుళల్‌లో పిన్ని ఇంట్లో ఉండి పిలిచినప్పుడల్లా రావాలనీ చెప్పింది. ఉండనిస్తామని అనలేదు. పొమ్మనీ అనలేదు.

బయటికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. శారదాంబ నడవలేనంది. ఆటో పిలుస్తానంటే, బస్సే వస్తోంది కదా అంది. ఆడవాళ్ళకు ఛార్జీ లేని మామూలు బస్సు అది. ముందు వైపు రెండు సీట్లు ఖాళీగా కనిపిస్తే అక్కనూ తర్శినినీ కూర్చోబెట్టి, నిరంజన్ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

కండక్టర్ వచ్చాడు. ఎక్కడికని అడగకుండానే రెండు సున్నా టిక్కెట్లు చింపి ఆడవాళ్ళిద్దరి చేతుల్లో పెట్టాడు. మీరెవరు, ఏ ఊరు అని అడగలేదు. తర్వాత నిరంజన్ వైపు తిరిగి చెయ్యి చాపాడు.

నిరంజన్ జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు. తర్శిని అప్పటికే కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. శారదాంబ ఆమె భుజం మీదికి తన కొంగు లాగి ఎండ పడకుండా అడ్డం పెట్టింది.